గోడ లేని సొరంగంలో వెలుతురు ఎట్లా నిలుస్తుంది?

ప్రశ్న: "అన్నా, నాది దేవరకొండ దిక్కు. నల్లగొండల ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్న. మొన్న ఒక సెమినార్‌ల 'లేజర్‌తోని గ్యాస్‌ల సొరంగం చేసి, దాంట్లకెళ్ళి ఇంకో పెద్ద లేజర్ పంపుతరు' అని చెప్పిండ్రు. గాజు ఫైబర్ ఉండంగ ఇదెందుకు? గోడే లేని సొరంగంల వెలుతురు ఎట్ల ఆగుతది? ఇంకోటి, లేజర్‌తోని పిడుగును కూడ మళ్ళించిండ్రట. పోయిన వానాకాలం మా చెలకల పిడుగు పడి రెండు ఎడ్లు పోయినయ్. మా దిక్కు అసుంటిది పెట్టొచ్చా?"

తమ్మీ, నీ మూడు ప్రశ్నల్లో నడిమిదే అసలుది. మొదటిది తొందరగా ముగించి దాని దగ్గర కాసేపు కూర్చుందాం. పిడుగు సంగతి ఆఖర్న చెప్తాను. నాది హాలియా దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళుగా లేజర్ ల్యాబుల్లో పని, అందులో ఎనిమిదేళ్ళు ఈ ఛానళ్ళతోనే, అంటే నువ్వన్న సొరంగాలతోనే గడిచాయి.

ముందు మనం పంపేది ఏంటో చూడు. పల్స్, అంటే లేజర్ ఒక్క మెరుపు, నిడివి 40 ఫెమ్టోసెకన్లు అనుకుందాం (ఫెమ్టోసెకను అంటే సెకనులో 10¹⁵వ వంతు). అంతసేపట్లో వెలుతురు నడిచేది 12 మైక్రాన్లు, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాన్ని 60 మైక్రాన్ల వెడల్పుకు ఫోకస్ చేస్తాం. మందం 12, వెడల్పు 60 అంటే అచ్చంగా జొన్నరొట్టె ఆకారం. తలవెంట్రుక పట్టున ఇమిడిపోయే ఆ రొట్టెలో అయిదు జూళ్ళ శక్తి కుక్కితే తీవ్రత చదరపు సెంటీమీటరుకు 10¹⁸ వాట్లు దాటిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నెత్తి మాడ్చే ఎండ చదరపు సెంటీమీటరుకు 0.1 వాటే. ఇది దానికి 10¹⁹ రెట్లు. గాజు సుమారు 10¹³ దగ్గరే దెబ్బ తింటుంది. కాబట్టి ఫైబర్ ముచ్చట అక్కడితో సరి. మన సొరంగం చేసేది ప్లాస్మాతో, దానికి ఆ భయం లేదు. అందులో ఎలక్ట్రాన్లు ముందే ఊడిపోయి ఉంటాయి, ఇంకా పాడవడానికి మిగిలింది ఏమీ లేదు.

"అయితే సొరంగం లేకుండా ఊరికే ఫోకస్ చేసి వదిలితే పోదా?" అంటావేమో. పోదు. వివర్తనం, అంటే సన్నగా పట్టిన వెలుతురు పోయినకొద్దీ విచ్చుకునే గుణం, ఊరుకోదు. 60 మైక్రాన్ల మచ్చ, 800 నానోమీటర్ల లేజర్ అయితే రేలీ దూరం మూడున్నర మిల్లీమీటర్లు. అది దాటిందంటే రొట్టె విచ్చుకుంటూ పలచబడిపోతుంది. మనకు కావాల్సింది 30 సెంటీమీటర్లు, అంటే ఎనభై అయిదు రేలీ దూరాలు. అంత దూరం దాన్ని విచ్చుకోనివ్వకుండా పట్టి ఉంచడానికే ఈ తిప్పలన్నీ.

ఇక రెండో ప్రశ్న. ఎండకాలం విజయవాడ హైవే మీద చిట్యాల దాటి నార్కట్‌పల్లి దిక్కు వస్తుంటే ముందర రోడ్డు మీద నీళ్ళు పారినట్టు కనబడతాయి కదా, ఆ ఎండమావిని గుర్తు చేసుకో. తారు వేడికి దానికి ఆనుకున్న గాలి పలచబడుతుంది, వక్రీభవన గుణకం (వెలుతురును ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే అంకె) తగ్గుతుంది. ఆకాశం నుంచి వాలుగా దిగిన కిరణం ఆ పలచటి గాలిలోకి దూరకుండా పైకి ఒంగి కంటికి చేరుతుంది. గుణకం ఎక్కువున్న దిక్కుకు ఒంగడం వెలుతురు గుణం. గోడ అక్కర్లేదు, గుణకంలో చిన్న తేడా ఉంటే చాలు.

ఎంత చిన్న తేడానో లెక్క వేద్దాం. ఈ లెక్క నాకు చాలా ఇష్టం. గాలి గుణకం 1 కంటే సుమారు 0.00025 ఎక్కువ. పైన గాలి 40 డిగ్రీలు, తారు మీద 60 డిగ్రీలు ఉంటే సాంద్రత ఆరు శాతం తగ్గుతుంది. అంటే గుణకంలో తేడా 0.000015, లక్షకు ఒకటిన్నర వంతు. ఇంత చిన్న తేడా కిరణాన్ని మళ్ళించాలంటే కిరణం బాగా వాలుగా రావాలి, డిగ్రీలో మూడో వంతుకు మించకూడదు. నీ కన్ను నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉంటే ఆ కోణంలో చూపు రోడ్డును తాకేది దాదాపు 270 మీటర్ల అవతల. అందుకే ఎండమావి ఎప్పుడూ పావు కిలోమీటరు ముందే ఉంటుంది, మనం పోయినకొద్దీ అదీ పోతుంది.

ఇప్పుడు మన ఛానల్. 60 మైక్రాన్ల మచ్చను విచ్చుకోకుండా నిలబెట్టాలంటే, నడిమికీ 30 మైక్రాన్ల అవతలికీ ఎలక్ట్రాన్ సాంద్రతలో ఘనపు సెంటీమీటరుకు 1.25 × 10¹⁷ తేడా ఉండాలి. దాన్ని గుణకంలోకి మార్చితే 0.000036, లక్షకు మూడున్నర వంతులు. చూశావా? ప్రపంచంలో అతి తీవ్రమైన లేజర్లను నడిపించే సొరంగం గోడ బలం మన హైవే ఎండమావికి రెండున్నర రెట్లు, అంతే. మామూలు టెలికాం ఫైబర్‌లో ఈ తేడా దానికి వంద రెట్లకు పైనే. అయినా ఇక్కడ ఎందుకు సరిపోతుందంటే, ఆ మచ్చ నుంచి వెలుతురు విచ్చుకునే కోణం అర డిగ్రీయే. అర డిగ్రీ పక్కకు పోయేదాన్ని అర డిగ్రీ లోపలికి నెడితే పని అయిపోయినట్టే. అద్దంలా కొట్టి వెనక్కి పంపాల్సిన పని లేదు. తోవ తప్పబోయే మేకను మెల్లగా కట్టెతో అదిలించినట్టు, అడుగడుగునా.

ఇక్కడే చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు, పరీక్షల్లో కూడా. గాలిలో దట్టంగా ఉన్న చోట గుణకం ఎక్కువ. ప్లాస్మాలో దానికి ఉల్టా. ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉంటే గుణకం అంత తక్కువ, అదీ 1 కంటే కిందికి. పరమాణువుకు కట్టేసి ఉన్న ఎలక్ట్రాన్ గుంజకు కట్టిన దూడలాంటిది, వెలుతురు ఎటు లాగితే అటు కదిలి మళ్ళీ చోటికి వస్తుంది. తాడు తెగిన ఎలక్ట్రాన్ అట్లా కాదు, లాగుడుకు ఎదురు తాళంలో ఊగుతుంది. ఆ ఒక్క తిరకాసుతో గుణకం మీద దాని ప్రభావం గుర్తే మారిపోతుంది. అందుకని ప్లాస్మా సొరంగంలో నడిమి పలచగా, అంచు దట్టంగా ఉండాలి. నువ్వు 'సొరంగం' అన్నది సరైన మాటే. ఎలక్ట్రాన్లు తక్కువున్న ఖాళీలోకే వెలుతురు ఒదుగుతుంది.

సరే, వెంట్రుక సన్నం ఖాళీని 30 సెంటీమీటర్ల పొడుగున ఎట్లా తవ్వాలి?

మా ఊరి కుంట మీద వానలు వెనకబట్టాక పచ్చటి నాచు పరుచుకునేది. చిన్నప్పుడు ఎడ్లను నీళ్ళకు తోలుకపోయి, ఒడ్డున నిలబడి రాళ్ళు వేసేవాళ్ళం. రాయి పడ్డచోట నాచు చుట్టూ జరిగి నల్లటి నీళ్ళు తేలేవి. జరిగిన నాచు అంచున కుప్పపడి చిన్న కట్టలా నిలిచేది. కాసేపటికి మళ్ళీ మెల్లగా మూసుకునేది. ప్లాస్మా ఛానల్ చేయడమంటే ఇదే పని. రాయి బదులు ఒక లేజర్ పల్స్, నాచు బదులు హైడ్రోజన్. రాయి ఒక్కచోట పడితే గుండ్రటి ఖాళీ వస్తుంది, మనకు కావాల్సింది పొడుగాటి గీత వెంట ఖాళీ. దానికి ఆక్సికాన్ వాడతారు. మామూలు కటకం వెలుతురునంతా ఒక చుక్క దగ్గరికి చేరుస్తుంది. ఆక్సికాన్ ముఖం శంకువులా ఉంటుంది, కాకపోతే బాగా చదును, చుట్టిల్లు కప్పును అణగదొక్కినట్టు. నడిమి నుంచి వచ్చిన కిరణాలు దగ్గర్లో అక్షాన్ని తాకుతాయి, అంచు నుంచి వచ్చినవి దూరంలో. అన్నీ కలిపి చూస్తే చుక్క కాదు, గీత. 1954లో జాన్ మెక్‌లియోడ్ ఆ పేరు పెట్టినప్పుడు దీంతో ఇట్లాంటి పని చేస్తారని అనుకుని ఉండడు.

ఆ గీత వెంట గ్యాస్ అయనీకరణం అయి, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, ఆ ఎలక్ట్రాన్లు వేడెక్కుతాయి. పది ఎలక్ట్రాన్‌వోల్టులు అనుకో, అంటే లక్షా పదహారు వేల డిగ్రీలు. చుట్టూ ఉన్న గ్యాస్ ఇంకా చల్లగానే ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటికి తోస్తుంది. ఆ వేడికి హైడ్రోజన్ ప్లాస్మా సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. ఆ లెక్కన నల్లగొండ నుంచి మిర్యాలగూడకు ఒకటిన్నర సెకను. మన కొలతలో చెప్తే నానోసెకనుకు (సెకనులో వంద కోట్లో వంతుకు) 30 మైక్రాన్లు. ముందర ఒక షాక్ తరంగం దట్టంగా పేరుకుంటూ పోతుంది, అదే గోడ. వెనకాల నడిమి భాగం పలచబడుతుంది, అదే సొరంగం. ఒకటి రెండు నానోసెకన్లలో సొరంగం కావాల్సిన సైజుకు వస్తుంది. ఇంకొన్ని నానోసెకన్లకు మరీ వెడల్పయిపోతుంది. పెద్ద పల్స్ ఆ నడిమి సందులోనే రావాలి.

చాలామంది దీన్ని కట్టి ఉంచిన పైపులాగా ఊహించుకుంటారు. తవ్వి పెట్టుకున్నాం, ఇగ ఎప్పుడైనా నీళ్ళు వదలొచ్చు అన్నట్టు. కాదు తమ్మీ. ఇది ఒక ఘడియ. అది వచ్చి పోతుంది, నువ్వు పట్టుకుంటే పట్టుకున్నట్టు. ఛానల్ ఆకారం అంటే నిజానికి ఛానల్ వయసు. అదృష్టం ఏంటంటే, ఆక్సికాన్ గీత ఒక చివర నుంచి ఇంకో చివరకు ఇంచుమించు వెలుతురు వేగంతోనే వెలుగుతూ పోతుంది, వెనకాల వచ్చే పెద్ద పల్స్ కూడా అదే వేగం. కాబట్టి దానికి ప్రతిచోటా ఒకే వయసు ఛానల్ ఎదురవుతుంది. ముందు నాటేసిన మడి ముందు కోతకు వచ్చినట్టు.

ఆ వయసును ఎట్లా కుదురుస్తామో తెలిస్తే నవ్వుతావు. ఏ ఎలక్ట్రానిక్ మహిమా లేదు. వెలుతురు నానోసెకనుకు 30 సెంటీమీటర్లు నడుస్తుంది. రెండు నానోసెకన్ల ఆలస్యం కావాలంటే పెద్ద పల్స్‌ను టేబుల్ మీద 60 సెంటీమీటర్లు ఎక్కువ తిప్పి తెస్తాం. అద్దాల జతను పట్టా మీద 15 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే పోనూ రానూ ఒక నానోసెకను. స్కేలు పెట్టి కొలిచి సమయం సరిచేసే పని ఇది.

ఈ స్కేలు దగ్గరే నేనొకసారి బోర్లా పడ్డాను. రెండు పల్స్‌లు ఒకేసారి చేరే 'సున్నా' స్థానం పట్టడానికి రెండు ఫోటోడయోడ్లు పెట్టి ఆసిలోస్కోప్‌లో చూసి సరిపెట్టాను. అక్కడి నుంచి రెండు నానోసెకన్లు వెనక్కి జరిపి, గైడింగ్ కోసం, అంటే పల్స్ ఛానల్ వెంట నిలిచి పోవడం కోసం, మూడు వారాలు వెతికాం. అవతలి కొస కెమెరాలో ఒక్కటంటే ఒక్క మంచి స్పాట్ రాలేదు. నాలుగైదు ముక్కలుగా, ఒక్కో షాట్‌కు ఒక్కో తీరుగా, గాలికి చెదిరిన కుంకుమ లాగా. గ్యాస్ ఒత్తిడి మార్చాం. ఆక్సికాన్ విప్పి కడిగాం. దాని తప్పేం లేదు పాపం. ఒక సాయంత్రం మా టెక్నీషియన్ కేబుళ్ళు సర్దుతూ "సార్, ఇదొక్కటి ఎందుకు పొడుగున్నది?" అన్నాడు. ఒక ఫోటోడయోడ్‌కు మీటరు కేబుల్, ఇంకోదానికి రెండు మీటర్లది పెట్టింది నేనే. మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో సిగ్నల్ వెలుతురు వేగంలో మూడింట రెండు వంతులే పోతుంది, మీటరుకు అయిదు నానోసెకన్లు. మేం రెండు అనుకుంటున్నది నిజానికి ఏడు. అప్పటికి ఛానల్ బాగా వెడల్పయిపోయి, ఒక్క మోడ్ (ఛానల్‌లో వెలుతురు నిలబడే ఆకారం) కాదు, బోలెడు మోడ్‌లు పడుతున్నాయి. అవన్నీ కలిసి కొట్టుకోవడమే ఆ చెదిరిన కుంకుమ. తెల్లారి మీటరున్నర దూరం తగ్గించాం.

తగ్గించాక కనబడింది చెప్తాను, ఎందుకంటే ఇది పుస్తకాల్లో రాయరు. లైట్లు ఆర్పిన గది. ఛాంబర్ కిటికీలోంచి చూస్తే గ్యాస్ నాజిల్ మీద గులాబీ రంగు గీత, దారం అంత, సెకనుకు పదిసార్లు. ఆ రంగు హైడ్రోజన్‌ది. ప్రతి షాట్‌కూ 'టిక్' అని చిన్న చప్పుడు, గోడ గడియారంలా కానీ తొందరగా. కెమెరా తెర మీద ముందు ఛానల్ పల్స్ ఆపి చూశాం. పెద్ద పల్స్ ఒక్కటే పోతే తెరంతా పలచటి మసక, అక్కడక్కడా ఉంగరాల్లాంటి చారలు. తర్వాత ఛానల్ పల్స్ షట్టర్ తెరిచాం. ఆ మసక మొత్తం ముడుచుకుని నడిమిట్లో ఒక్క చుక్క అయింది, కెమెరా సాచురేట్ అయ్యేంత తెల్లగా. షట్టర్ మూస్తే మసక, తెరిస్తే చుక్క. ఒక ఇరవైసార్లు ఊరికే తెరిచి మూసి ఉంటాం. ఆ రాత్రి డేటా ఒక్కటి కూడా సేవ్ చేయలేదు.

చరిత్ర చూస్తే, దీన్ని మొదట చేసి చూపించింది 1993లో, అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీలో చార్లెస్ డర్ఫీ, హోవర్డ్ మిల్చ్‌బెర్గ్. వంద పికోసెకన్ల (పికోసెకను అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు) లేజర్‌ను ఆక్సికాన్‌తో గీతగా ఫోకస్ చేసి, ఇరవైకి పైగా రేలీ దూరాలు పల్స్‌ను నడిపించారు. కానీ అక్కడ వేడెక్కించే పని ఎలక్ట్రాన్లు అయాన్లను గుద్దుకోవడం మీద ఆధారపడింది. గుద్దుకోవాలంటే గ్యాస్ దట్టంగా ఉండాలి. ఈ సొరంగాల అసలు పని ఎలక్ట్రాన్లను ఉరికించే యాక్సిలరేటర్ కోసం, దానికి కావాల్సిందేమో పలచటి గ్యాస్. ఈ చిక్కు చాలా ఏళ్ళు వేధించింది. ఈ లోపు వేరే తోవ దొరికింది. నీలమణి దిమ్మలో సన్న గొట్టం తొలిచి, అందులో హైడ్రోజన్ నింపి, వందల ఆంపియర్ల కరెంటు వదిలితే నడిమి వేడెక్కి పలచబడుతుంది, గోడ పక్కన చల్లగా దట్టంగా ఉంటుంది. కాలిఫోర్నియా బర్క్‌లీలో ఈ గొట్టాలతోనే 2006లో 3.3 సెంటీమీటర్లలో ఎలక్ట్రాన్లకు 1 గిగా ఎలక్ట్రాన్‌వోల్టు (వంద కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టుల) శక్తి ఇచ్చారు. 2014లో 9 సెంటీమీటర్లలో 4.2 అయింది, 2019లో 20 సెంటీమీటర్లలో 7.8. గొప్ప పనే, కాదనను. అయితే గొట్టం అన్నాక గోడ ఉంటుంది. లేజర్ రవ్వంత పక్కకు జరిగితే ఆ గోడను కొరుకుతుంది. అలైన్‌మెంట్ తప్పి గొట్టం చెడగొట్టినవాడి మొహం నేను చూశాను.

లేజర్‌తో చేసిన ఛానల్‌కు ప్రతి షాట్‌లో కొత్త గోడ. నా ఓటు ఎప్పుడూ దీనికే. దట్టమైన గ్యాస్ చిక్కు కూడా తర్వాత విడిపోయింది. గుద్దుకోవడంతో పని లేకుండా, ఫెమ్టోసెకండ్ పల్స్ విద్యుత్ క్షేత్రమే ఎలక్ట్రాన్లను పరమాణువు నుంచి నేరుగా పెరికి, ఆ పెరకడంలోనే కాస్త వేడిని కూడా ఇస్తుంది. ఎంత పలచటి గ్యాసయినా ఫరవాలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో, మేరీలాండ్‌లో ఈ దారి పట్టారు. ఇందులో ఒక సొగసు ఉంది. షాక్ తరంగం తోసిన గోడలో చాలా భాగం ఇంకా అయనీకరణం కాని మామూలు గ్యాసే. పెద్ద పల్స్ ముందు అంచు పోతూ పోతూ ఆ గ్యాస్‌ను అయనీకరిస్తుంది, దాంతో గోడ లేస్తుంది, మిగతా పల్స్ అంతా ఆ గోడల నడుమ పోతుంది. తన గోడ తనే కట్టుకుంటూ పోవడం. లేదంటే ముందే ఇంకో ఉంగరంలాంటి పల్స్ పంపి గోడ లేపొచ్చు. ఇట్లాంటి ఛానళ్ళతో 20 సెంటీమీటర్లలో 5 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల దాకా వచ్చిన ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. 2024లో బర్క్‌లీవాళ్ళు 30 సెంటీమీటర్లలో 9.2 అన్నారు. గొట్టం బాగా తెలిసినవాళ్ళే గొట్టం వదిలి ఇటు వచ్చారు, గమనించు.

యాక్సిలరేటర్ ఎందుకంటావా? పడవ వెనక అల లేచినట్టు, ప్లాస్మాలో పల్స్ వెనక ఎలక్ట్రాన్ల అల లేస్తుంది. దాని మీద స్వారీ చేసే ఎలక్ట్రాన్లకు మీటరుకు ముప్పై గిగా వోల్టుల లెక్కన ఊపు దొరుకుతుంది. మామూలు యాక్సిలరేటర్ కుహరాల్లో మీటరుకు వంద మెగా వోల్టులు దాటడం కష్టం. టజిమా, డాసన్ ఈ ఆలోచన రాసింది 1979లో. స్వారీ ఎక్కువ దూరం సాగాలంటే ప్లాస్మా పలచగా ఉండాలి, పల్స్ విచ్చుకోకూడదు. మన సొరంగం అవసరం అక్కడే.

ఇక పిడుగు. ఎడ్ల సంగతి విని మనసు చివుక్కుమంది. కొత్త జత ఎంతకొస్తుందో నాకు తెలుసు. కానీ ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి.

నువ్వు విన్నది నిజమే. స్విట్జర్లాండ్‌లో సాంటిస్ అనే కొండ, ఎత్తు 2,500 మీటర్లు. దాని మీద 124 మీటర్ల టవర్, ఏడాదికి వందసార్ల దాకా పిడుగులు పడే చోటు. 2021 ఎండకాలం టవర్ పక్కన మూడు టన్నుల పైచిలుకు లేజర్ పెట్టి, సెకనుకు వెయ్యి పల్స్‌ల చొప్పున మబ్బుల్లోకి కొట్టారు. ఒక్కో పల్స్ ఒక పికోసెకను, అర జూలు. నాలుగు పిడుగులకు లేజర్ తోవ చూపింది. ఒకదాన్ని కెమెరాలు పట్టుకున్నాయి, అది 50 మీటర్లు లేజర్ వెంట నడిచింది. 2023 జనవరిలో ఫలితం అచ్చయింది.

కానీ అది మన ప్లాస్మా సొరంగం కాదు, దాని ముసలితనం. గాలిలో తీవ్రమైన పల్స్ తనంతట తనే ముడుచుకుని దారంలా పోతుంది, దాన్ని ఫిలమెంట్ అంటారు. ఆ దారం వెంట పుట్టే ప్లాస్మా నానోసెకన్లలో ఆరిపోతుంది. కానీ గాలికి ఎక్కిన వేడి పోదు. వేడిగాలి పక్కకు జరిగి, పలచటి గాలి దారి ఒకటి మిల్లీసెకన్ల దాకా నిలుస్తుంది. సెకనుకు వెయ్యి పల్స్‌లు అంటే ఒక దారి మూసుకోకముందే ఇంకోటి. పలచటి గాలిలో కరెంటు సులువుగా తెగబడుతుంది, పిడుగు ఆ తోవ పడుతుంది.

ఇప్పుడు నా ఎండమావి దగ్గరికి తిరిగి రా. అదే పలచటి గాలి దారిలోకి వెలుతురు పంపితే? ప్లాస్మా లేదు, మామూలు గాలి. పలచటి చోట గుణకం తక్కువ. వెలుతురు దాంట్లో ఉండదు, బయటికి ఒంగిపోతుంది. ఒకే దారి, పసితనంలో ఎలక్ట్రాన్లు చెదిరిపోయి వెలుతురుకు చోటు ఇస్తుంది, ముసలితనంలో వెలుతురును తోలేసి పిడుగును పిలుస్తుంది. గాలిలో వెలుతురును నడిపించాలంటే తిరగేయాలి. ఫిలమెంట్లను వలయంగా కొట్టి, చుట్టూ గాలిని పలచబరిచి నడిమి దట్టంగా ఉంచాలి. మిల్చ్‌బెర్గ్ గుంపే ఇది 2014లో చేసింది. తర్వాత యూనివర్సిటీ వరండాలో 45 మీటర్ల పొడుగున చేసి, 2023లో అచ్చు వేసింది.

మీ చెలకలో పెట్టొచ్చా అంటే, పెట్టలేం. సాంటిస్‌లో కూడా లేజర్ ఒక్కటే పిడుగును ఆపలేదు. అక్కడ టవర్ ఉంది, ఎర్తింగ్ ఉంది, లేజర్ దానికి పైన ఇంకాస్త చెయ్యి చాపింది. విడిగా ఉన్న చేలన్నిటికీ అట్లాంటి యంత్రం, దానికి రాత్రింబవళ్ళు కరెంటు, అయ్యే పని కాదు. రాకెట్ ప్రయోగ కేంద్రాలకూ పెద్ద విమానాశ్రయాలకూ ఎప్పుడైనా పనికొస్తుందేమో. ఇంట్లో చెప్పాల్సింది వేరే. పుణె ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) వాళ్ళ దామిని యాప్ ఫోన్‌లో వేయించు, దగ్గర్లో పిడుగులు పడే సూచన ఉంటే చెప్తుంది. ఉరుము వినబడ్డప్పుడు ఎడ్లను చెట్టు కింద కట్టేయొద్దు, మీరూ చెట్టు కింద నిలబడొద్దు. మనవాళ్ళు వానకు తడవొద్దని చేసే పనే ఇది.

ప్రాజెక్టు సంగతి నువ్వు అడగలేదు కానీ అడుగుతావని తెలుసు. ఈ తీవ్రత లేజర్లు చూడాలంటే ఇండోర్‌లోని ప్రభుత్వ లేజర్ పరిశోధన కేంద్రం ఆర్ఆర్‌క్యాట్‌లో ఉన్నాయి. దగ్గర్లో అయితే హైదరాబాద్ టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ)లో కూడా తీవ్రమైన లేజర్లతో పని చేసేవాళ్ళు ఉన్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫెమ్టోసెకండ్ లేజర్ గుంపులు ఉన్నాయి. పోతే ఒక్కటి గుర్తుంచుకో. 800 నానోమీటర్లు కంటికి దాదాపు కనబడదు, కళ్ళద్దాలు లేకుండా ఆ గదిలో అడుగు పెట్టకు, "ఒక్క నిమిషమే కదా" అని ఎవరన్నా సరే.

అంతదాకా ఆగలేకపోతే మీ డిపార్ట్‌మెంట్‌లోనే చేయి. చేపలు పెంచే గాజు తొట్టి తెచ్చుకో. అడుగున చిక్కటి చక్కెర నీళ్ళు, పైన మెల్లగా, కలిసిపోకుండా, మామూలు నీళ్ళు పోసి ఒక రాత్రి వదిలెయ్. తెల్లారికి సరిహద్దు కరిగి మెత్తని వాలు తయారవుతుంది. లేజర్ పాయింటర్‌ను అడ్డంగా పంపితే గీత విల్లులా కిందికి, చక్కెర దిక్కుకు ఒంగుతుంది. సెమినార్‌లో ఇది చూపించి, "ప్లాస్మాలో అయితే ఇది పైకి ఒంగేది" అను. ఎందుకని అడిగితే దూడ తాడు ముచ్చట చెప్పు.

లెక్క కూడా ఒకటి చేసి చూడు. ఛానల్‌లో నడిమికీ అంచుకూ కావాల్సిన సాంద్రత తేడా = 1 ÷ (పై × ఎలక్ట్రాన్ క్లాసికల్ వ్యాసార్థం × మచ్చ వ్యాసార్థం వర్గం). ఎలక్ట్రాన్ వ్యాసార్థం 2.82 × 10⁻¹³ సెంటీమీటర్లు. నేను పైన 30 మైక్రాన్ల వ్యాసార్థానికి చెప్పాను, నువ్వు 10 మైక్రాన్లకు చేయి. 1.13 × 10¹⁸ వస్తే సరిగ్గా చేసినట్టు. ఆ లెక్కలో లేజర్ రంగు ఎక్కడా లేదు చూశావా, అది ఎందుకు కొట్టుకుపోయిందో రాబట్టి నాకు రాయి.